తాళపుచెవులు ఎవరెవరి దగ్గరున్నవి?

షోలాపూరు తూర్పు పేటల్లో తెల్లవారేసరికి వినిపించేది మరమగ్గాల చప్పుడు. కరీంనగరం, వరంగల్లు, నల్లగొండ, పాలమూరు ప్రాంతాల నుంచి మన పెద్దలు మగ్గాన్ని నమ్ముకుని ఇక్కడికి వచ్చి తరాలు గడిచినవి. ఆనాడు కార్ఖానా పద్దు పెట్టెలో ఉండేది. పెట్టె తాళపుచెవి యజమాని మొలత్రాటికి ఉండేది. పద్దులో చేయి పెట్టగలవారెవరో అందరికీ తెలుసు. ఈనాడు పద్దు కంప్యూటరులోకి వెళ్ళింది. తాళపుచెవులు ఎన్నో, అవి ఎవరి దగ్గరున్నవో యజమానికే తెలియకుండా పోయింది.

మా పేటలోని ఒక తువాళ్ళ కార్ఖానాలో జరిగిన సంగతి చెబుతాను. ఒక వారం కూలి లెక్కలో ఒక పెద్దాయన నేసిన నేత తక్కువ పడింది. ఆయన తన చీటీలో వ్రాసుకున్న అంకె వేరు, కంప్యూటరు చూపిన అంకె వేరు. అనుమానం పద్దు దగ్గర కూర్చునే కుర్రవాడి మీదికి పోయింది. “నాకు చూడవస్తది గాని దిద్దరాదు మామా” అని వాడు ఎంత మొత్తుకున్నా యజమాని వినలేదు.

చివరకు కంప్యూటరు పని తెలిసిన మన పేట అమ్మాయి ఒకతె వచ్చి, అనుమతులను పరీక్షించే చిన్న ప్రోగ్రాము నడిపి చూసింది. కుర్రవాడి పేరుకు కూలి పద్దు చదివే అనుమతి మాత్రమే ఉంది. దిద్దే అనుమతి ఉన్న పేర్లు రెండు. ఒకటి యజమానిది. రెండవది రెండేళ్ళ క్రితం పని మాని వెళ్ళిన గుమాస్తాది! ఆ గుమాస్తా పాస్‌వర్డు బల్లమీది కాగితం ముక్కపై వ్రాసి ఉంది. అవసరం పడ్డవాళ్ళందరూ దానితోనే పని జరుపుకుంటున్నారు. ఇక తప్పు ఎవరిదని చెప్పడం? యజమాని పెద్దాయనకు చీటీ ప్రకారం కూలి ఇచ్చి, కుర్రవాడితో “తొందరపడ్డ బిడ్డా” అన్నాడు.

ఆ ప్రోగ్రామును నడపడం ఆ అమ్మాయికి తెలుసు. రేపు ఆమె ఉద్యోగం దొరికి పూనే వెళ్తే ఎవరికి తెలుస్తుంది? అందుచేత దానికొక వివరణ వ్రాసిపెట్టమని నన్ను అడిగారు. వ్రాయబోతే గాని అందులోని మర్మం నాకు బోధపడలేదు.

అటువంటి ప్రోగ్రాము అడిగేవి మూడే ప్రశ్నలు. ఎవరు? ఏ పద్దు? ఏ పని, అనగా చదవడమా, దిద్దడమా, తీసివేయడమా? మూడూ చెబితే అది అవుననో కాదనో జవాబిస్తుంది. జెకార్డు మగ్గం ఎరిగిన మనవారికి ఇది కొత్త కాదు. అట్టలో రంధ్రం ఉంటే సూది అందులోకి దూరుతుంది, కొక్కెం లేస్తుంది, పడుగు పోగు పైకి వస్తుంది. రంధ్రం లేకుంటే పోగు లేవదు. ఎవరూ ప్రత్యేకంగా వద్దని చెప్పనక్కరలేదు. కంప్యూటరులోనూ ఇదే మంచి పద్ధతి: అనుమతి ఇచ్చినదే ఉన్నట్టు, ఇవ్వనిది లేనట్టు. అమెరికాలోని సాల్ట్‌జర్, ష్రోడర్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 1975లో ప్రచురించిన వ్యాసంలో ఈ సూత్రాన్నీ, దానితోపాటు మరొకదాన్నీ చెప్పారు: ఎవరి పనికి ఎంత అనుమతి కావాలో అంతే ఇవ్వాలి, ఎక్కువ ఇవ్వరాదు.

అయితే ఈ ప్రోగ్రాము చెప్పలేనివి కొన్ని ఉన్నవి. వివరణలో నేను పెద్ద అక్షరాలతో వ్రాసింది ఆ భాగమే.

మొదటిది, ‘అనుమతి ఉందా’ అంటే చెబుతుంది గాని, ‘ఉండవచ్చునా’ అంటే చెప్పలేదు. గుమాస్తా పేరుకు అనుమతి ఉందని అది చెప్పిన మాట నిజమే. ఆయన పని మానినాడని దానికేం తెలుసు? అందుకని పక్కన వేరే కాగితం ఉండాలి: ఎవరికి, ఎందుకు, ఎవరు, ఎంతవరకు అనుమతి ఇచ్చారని. రెండింటినీ పోల్చి చూస్తేనే పరీక్ష.

రెండవది, ఆ జవాబు ఆ క్షణానికే చెల్లుతుంది. మరుక్షణాన అనుమతి మారవచ్చు. యూనిక్స్ జాతి కంప్యూటర్లలో ‘యాక్సెస్’ అని ఇటువంటి పరీక్ష ఒకటి ఉంది. అడగడానికీ, పద్దు తెరవడానికీ మధ్యనున్న సందులో మోసం జరగవచ్చునని దాని వివరణ పత్రమే హెచ్చరిస్తుంది. తన లోపం తానే చెప్పుకున్న వివరణను నమ్మవచ్చు.

మూడవది, ఎవరు దిద్దగలరో అది చెబుతుంది. ఎవరు దిద్దారో చెప్పదు. దానికి దిద్దుబాట్ల చిట్టా వేరే ఉండాలి. కంపెనీలు వాడే లెక్కల సాఫ్ట్‌వేరులో అటువంటి చిట్టా ఉండి తీరాలని మన దేశంలో 2023 ఏప్రిల్ 1 నుంచి నిబంధన అమలులోకి వచ్చింది. సొంతంగా నడుపుకునే చిన్న కార్ఖానాకు ఆ నిర్బంధం లేకపోయినా, పెట్టుకుంటే నష్టం లేదు. ఒక్క పాస్‌వర్డును నలుగురు వాడితే మాత్రం ఆ చిట్టా కూడా వృథాయే.

వివరణను తెలుగులోనూ మరాఠీలోనూ వ్రాసి గోడకు అంటించాము. గుమాస్తా పేరు తీసివేశారు. నెలకొకసారి ప్రోగ్రాము నడిపి, కాగితంతో పోల్చి, యజమాని సంతకం పెట్టాలని ఏర్పాటు. మొదటి నెల పేర్లు పైకి చదివింది ఆ కుర్రవాడే.

మీ దుకాణంలోనో, సంఘంలోనో కంప్యూటరు ఉంటే ఈ వారమే అడిగి చూడండి: పని మాని వెళ్ళినవారి పేర్లు ఇంకా ఎన్ని మిగిలి ఉన్నవి?