వోటుకూ కూటికీ ముడి

అమెరికాలో నల్లవారి హక్కుల పోరాటం అనగానే మనకు మార్టిన్ లూథర్ కింగు గుర్తుకు వస్తాడు. రావలసిందే. కాని ఆయన బోస్టనులో డాక్టరేటు పుచ్చుకున్న పండితుడు. ఆరేళ్ళ వయసునుంచి పత్తిచేలలో పనిచేసి, పన్నెండేళ్ళకే బడి మానుకున్న ఫానీ లూ హేమర్ అనే ఇల్లాలి సంగతి తెలిసినవారు మనలో తక్కువ.

1917లో మిసిసిపీ రాష్ట్రంలో, పాలుకు సేద్యం చేసుకునే దంపతులకు ఇరవయ్యవ సంతానంగా పుట్టింది. పెళ్ళయ్యాక రూల్‌విల్ దగ్గర ఒక తెల్లదొర కమతంలో పద్ధెనిమిదేళ్ళు చాకిరీ చేసింది. నల్లవారికి వోటుహక్కు ఉన్నదన్న సంగతి 1962లో, తన 44వ ఏట, ఒక సభలో వినేవరకూ ఆమెకు తెలియదు! జాతినిబట్టి వోటు నిరాకరించరాదని ఆ దేశపు రాజ్యాంగంలో రాసుకుని అప్పటికి 92 ఏళ్ళు.

ఆగస్టు 31న మరి పదిహేడుమందితో కలిసి పేరు నమోదు చేయించుకునేందుకు బస్సులో ఇండియనోలా పట్టణానికి వెళ్ళింది. అక్కడ పరీక్ష పెట్టారు. రాష్ట్ర రాజ్యాంగంలో ఒక భాగానికి నకలు రాసి, అర్థం వివరించాలి. వివరణ సరిగా ఉన్నదో లేదో తేల్చేది తెల్ల అధికారి. నేనూ ఏటా కట్టలకొద్దీ జవాబు పత్రాలు దిద్దేవాణ్ణే. దిద్దేవాడు తప్పించదలచుకుంటే నన్నయభట్టు దిగివచ్చి రాసినా గట్టెక్కడు. హేమర్ తప్పింది. తిరుగు దారిలో పోలీసులు అడ్డగించి, బస్సు రంగు మరీ పసుపుపచ్చగా ఉన్నదని జరిమానా వేశారు!

ఆ రాత్రే దొర కబురు తెలిసింది. దరఖాస్తు వాపసు తీసుకో, లేకపోతే ఇల్లు వదిలిపో అన్నాడు. ఆమె ఇల్లే వదిలింది. భర్త మాత్రం పత్తి తీత ముగిసేదాకా అక్కడే పనిచేయవలసి వచ్చింది.

1963 జూన్‌లో వినోనా జైలులో పోలీసులు సాటి నల్లఖైదీలచేతనే ఆమెను కొట్టించారు. మూత్రపిండం దెబ్బతిన్నది. మరుసటి ఏడు ఆగస్టులో అట్లాంటిక్ సిటీలో డెమోక్రాటిక్ పార్టీ మహాసభ. అందరూ తెల్లవారే ఉన్న మిసిసిపీ ప్రతినిధివర్గం చెల్లదని ఆమె వాంగ్మూలం ఇస్తూంటే, టెలివిజన్ కెమెరాలను తనవైపు తిప్పుకోవడానికి అధ్యక్షుడు జాన్సన్ హడావిడిగా పత్రికలవారిని పిలిచాడు. ఏం లాభం? ఆ రాత్రి ఆ వాంగ్మూలాన్ని దేశమంతా చూసింది. రెండు సీట్లతో సరిపెట్టుకోమన్నారు. పెద్దలు కొందరు పుచ్చుకోమన్నారు కూడా. ఆమె ససేమిరా అన్నది. 1965లో వోటుహక్కుల చట్టం వచ్చింది.

నామటుకు నాకు ఆమె తరువాత చేసిన పని ఇంకా గొప్పగా తోస్తుంది. ఇల్లూ తిండీ దొర చేతిలో ఉన్నంతకాలం వోటు కూడా అతని గుప్పిట్లోనే ఉంటుందని అనుభవం ఆమెకు నేర్పింది. 1969లో నలభై ఎకరాలతో సహకార వ్యవసాయ క్షేత్రం మొదలుపెట్టింది. తరువాత మరో 640 ఎకరాలు చేరాయి. దానితోబాటు పందుల బాంకు! నవ్వకండి. చూడిపందిని పేద కుటుంబానికి అప్పిస్తారు. ఈనిన పిల్లలు ఆ ఇంటివి, తల్లి తిరిగి బాంకుకు. చలికాలానికి సరిపడా మాంసం ఇంట్లో ఉన్నవాణ్ణి పస్తులపేరు చెప్పి బెదిరించడం ఏ దొరకైనా కష్టమే.

చెడ్డ వాతావరణమూ అప్పులూ కలిసి ఆ క్షేత్రాన్ని 1970లలోనే మూయించాయి. 1977 మార్చి 14న, 59వ ఏట, హేమర్ కన్నుమూసింది. అమెరికా ప్రభుత్వం తన అత్యున్నత పౌర పురస్కారాన్ని ఆమెపేర ప్రకటించింది 2025 జనవరిలో.