ఇమ్లీబన్ దాకా వచ్చిన రైలు చార్మినార్ చేరేదెన్నడు?

పెళ్లి ముహూర్తం కుదిరిందంటే చాలు, పాలమూరు పల్లెల్లో మొదట వినబడే మాట చార్మినార్. చీరలకు మదీనా, పత్తర్‌గట్టి. గాజులకు లాడ్‌బజార్. ముత్యాలకు చార్‌కమాన్. ఇంటిల్లిపాదీ తెల్లవారుజామున బస్సెక్కి ఇమ్లీబన్ బస్టాండులో దిగుతారు. అక్కడి నుంచి చార్మినార్ సుమారు రెండు కిలోమీటర్లే. కానీ ఆ రెండు కిలోమీటర్లకే పడవలసిన పాట్లన్నీ పడతారు. ఆటోవాలాతో బేరం, రద్దీలో నిరీక్షణ, తిరుగు ప్రయాణంలో మూటలతో నడక.

బస్టాండు పక్కనే మెట్రో రైలు స్టేషన్ ఉంది. జూబ్లీ బస్టాండు నుంచి ఇక్కడికి 11 కిలోమీటర్ల మార్గం 2020 ఫిబ్రవరి 7న ప్రారంభమైంది. సికింద్రాబాదు వెళ్లేవారికి ఎంతో సుఖం. అయితే ఆ మార్గం అసలు ఫలక్‌నుమా దాకా వెళ్లాలి. మిగిలిన అయిదున్నర కిలోమీటర్లు మొదటి దశలో పూర్తి కాలేదు. కొత్త పట్నం నుంచి వచ్చిన రైలు పాత పట్నం గడప ముందు ఆగిపోయింది.

నది నడుమ, జనం ఇరువైపుల

పాత, కొత్త పట్నాలను కలపాలన్న ప్రయత్నం ఈనాటిది కాదు. 1591లో చార్మినార్ కట్టక ముందే, 1578లో గోల్కొండ నుంచి మూసీ దాటడానికి పురానాపూల్ కట్టారు. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద ఊరిని ముంచి వేలమంది ప్రాణాలు తీసింది. అప్పుడు మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఆయన సలహాతో ఎగువన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ వెలిశాయి. 1912లో నగరాభివృద్ధి బోర్డు ఏర్పడింది. వీధులు వెడల్పు చేసి, పత్తర్‌గట్టిలో రాతి కమానుల దుకాణాలు కట్టించింది ఆ బోర్డే. నదికి దక్షిణాన హైకోర్టు, ఉత్తరాన ఉస్మానియా ఆసుపత్రి ఎదురెదురుగా లేచాయి. వ్యాజ్యం కోసమో, వైద్యం కోసమో జిల్లా జనం ఆ రెండు గట్ల మధ్య నయాపూల్ మీదుగా తిరుగుతూనే వచ్చారు.

తర్వాతి కాలంలో ఆఫీసులు, పెద్ద ఉద్యోగాలు ఆబిడ్స్, అమీర్‌పేట, చివరకు మాదాపూర్ వైపు సాగిపోయాయి. పాతబస్తీ వెనుకబడింది. చార్మినార్ చుట్టూ వాహనాలు నిలిపి, రాతి పలకలు పరిచి నడిచేవారికి దారి చేశారు. కానీ అక్కడిదాకా చేరే దారి మాత్రం ఇరుకుగానే మిగిలింది.

గజానికి 81 వేలు

2024 మార్చి 8న ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి పాతబస్తీ మెట్రోకు శంకుస్థాపన చేశారు. ఇమ్లీబన్ నుంచి చాంద్రాయణగుట్ట వరకు ఏడున్నర కిలోమీటర్లు. దారుల్‌షిఫా, పురానీహవేలీ, హరిబౌలి, శాలిబండ, అలియాబాద్, ఫలక్‌నుమాల మీదుగా సాగాలి. సాలార్‌జంగ్ మ్యూజియం, చార్మినార్ పేర్లతో పెట్టే స్టేషన్లు ఆ కట్టడాలకు సుమారు అర కిలోమీటరు ఎడంగా ఉంటాయి. దారిలో ఉన్న మసీదులు, ఆషుర్‌ఖానాలు, గుళ్లకు నష్టం రాకుండా స్తంభాలను సర్దుతామని అధికారులు ప్రకటించారు.

కానీ ఇళ్లు, దుకాణాలు తప్పించుకోలేకపోయాయి. రోడ్డు వెడల్పు కోసం వందలాది కట్టడాలు పోతాయి. గజానికి 81 వేల రూపాయల చొప్పున నిర్ణయించి, 2025 జనవరిలో చెక్కుల పంపిణీ ప్రారంభించారు. ఆపైన కూల్చివేతలు సాగాయి. కాలువకో, రోడ్డుకో పొలం ఇచ్చుకున్న పల్లె రైతుకు ఈ బాధ వివరించి చెప్పనక్కరలేదు. చేతికి సొమ్ము వచ్చినా తాతలనాటి గడప రాదు. అద్దె కొట్టులో కుట్టుమిషను పెట్టుకున్నవాడికి, తోపుడుబండి వాడికి పోయేది గజాలు కాదు, ఏళ్ల తరబడి అలవాటుపడిన బేరం. వారికి దగ్గరలోనే చోటు చూపించడం అవసరం. బేరగాళ్లను వెళ్లగొట్టి వేసిన దారి బజారును బాగుచేయదు.

పల్లెకేం లాభం?

శ్రీశైలం రోడ్డు నగరంలో చాంద్రాయణగుట్ట వద్ద కలుస్తుంది. అక్కడిదాకా రైలు వస్తే కల్వకుర్తి, ఆమనగల్లు వైపు జనం అక్కడే ఎక్కి, గాజుల బజారుకైనా, సికింద్రాబాదుకైనా నేరుగా వెళ్లవచ్చు. నేడు ఫలక్‌నుమాకు ఎం.ఎం.టి.ఎస్. రైలు ఉన్నా అది మలక్‌పేట, యాకుత్‌పురా మీదుగా పాతబస్తీ తూర్పు అంచున సాగుతుంది. చార్మినార్ బజారు దానికి దూరం.

అయితే పల్లెవాసులకు రైలొక్కటే చాలదు. టికెట్టు ధర ఆటోలో తలకు పడేదాని కంటే తక్కువ ఉండాలి. ముసలివారు ఎక్కడానికి లిఫ్టులు నిత్యం పనిచేయాలి. స్టేషన్ నుంచి బజారుదాకా నీడ, మంచినీరు, ఆడవారికి మరుగుదొడ్లు ఉండాలి. పెళ్లి మూటలతో తిరిగొచ్చే కుటుంబానికి చివరి బస్సు దొరకాలి. ఇల్లు వదులుకున్న పాతబస్తీ కుటుంబాల త్యాగానికి ఫలం దక్కాలంటే, మిగిలిన దారి మళ్లీ మధ్యలో ఆగకూడదు.