ముందు యాక్సిల్ లేని జీపును షెడ్డులో తిప్పడం ఎలా? మేం చేసిన క్యాస్టర్ వీల్ కథ, లెక్కలు

ఫ్రెండ్స్, ఈసారి ఫోన్ రివ్యూ కాదు. ఫోన్ కూడా వాడాం, దాని సంగతి మధ్యలో వస్తుంది.

భూపాలపల్లిలో మా మేనమామకు పాత మహీంద్రా ఫోర్ వీల్ డ్రైవ్ జీపు ఉంది. ముందు డిఫరెన్షియల్‌లో పళ్లు పోయాయని యాక్సిల్ మొత్తం విప్పి రిపేరుకు వరంగల్ పంపారు. ముక్కు కింద చెక్క దిమ్మెలు పెట్టిన జీపు షెడ్డుకు సరిగ్గా నడుమ ఉండిపోయింది. పార్టులు ఎప్పుడొస్తాయో తెలియదు. ఇటు పత్తి ఏరడం మొదలైంది, పత్తి పెట్టేది ఆ షెడ్డులోనే. జీపును తిప్పి గోడ వారకు చేర్చాలి. క్రేన్ లోపలికి రాదు, రేకులు అడ్డం. "అల్లుడా, నువ్వు ఇంజనీర్‌వి కదరా, ఏదన్న చెయ్యి" అన్నడు మామ. నేను రాసేది కోడ్ అని ఎన్నిసార్లు చెప్పినా ఆయనకు అన్ని ఇంజనీరింగులూ ఒక్కటే.

మొదట అందరూ చేసే పనే చేశాను. ఆన్‌లైన్‌లో వీల్ డాలీలు తెప్పించాను. ఒక్కోదానికి నాలుగు ఇనుప క్యాస్టర్లు, 3 అంగుళాల చక్రాలు. షోరూమ్ ఫ్లోర్ మీద వెన్నలా జారుతాయి. మామ షెడ్డులో వేసింది షాబాద్ బండలు. రెండు బండల మధ్య సందులో చక్రం దిగింది, ఐదుగురం తోసినా కదల్లేదు.

ఎందుకు కదల్లేదో లెక్క వేస్తే ఆశ్చర్యమేసింది. దారిలో 1 సెంటీమీటరు ఎత్తు రాయి ఉందనుకోండి. 3 అంగుళాల చక్రం దాన్ని ఎక్కాలంటే, ఆ చక్రం మీద ఉన్న ప్రతి 100 కిలోల బరువుకూ సుమారు 90 కిలోల తోపు కావాలి. అదే రాయిని ఆటో టైరు సైజు చక్రం, అంటే 40 సెంటీమీటర్ల వ్యాసం ఉన్నది, 33 కిలోల తోపుతో ఎక్కేస్తుంది. గాలి టైరైతే రాయి దగ్గర కొంచెం నొక్కుకుంటుంది కాబట్టి ఇంకా తక్కువే. అందుకే చక్రం పెద్దదే కావాలని తేలింది.

ఇక బరువు. ఆర్‌సీ ప్రకారం బండి సుమారు 1,300 కిలోలు. ఇంజన్ ముందుంది కాబట్టి ముక్కు వైపు ఎక్కువ పడుతుంది, కానీ యాక్సిల్, చక్రాలు విప్పేశారు. అంతా చూసుకుంటే క్యాస్టర్ మీద 550 కిలోల దాకా వస్తుందని అంచనా వేసుకున్నాను.

మొదటి వెర్షన్ జనగామలో మా ఇంటి దగ్గరి వెల్డింగ్ షాపులో చేయించాను. రెండు ప్లేట్లు, నడుమ చక్రం, పైన నిలువుగా ఒక లావు బోల్టు, దాని మీదే మొత్తం తిరగాలి. బోల్టును సరిగ్గా చక్రం ఇరుసు మీదకే పెట్టించాను, బరువు నేరుగా దిగుతుంది కదా అని. అక్కడే తప్పు చేశాను. మీ ఆఫీస్ కుర్చీ తిరగేసి చూడండి. చక్రం ఎప్పుడూ పిన్నుకు కొంచెం వెనక ఉంటుంది. ఆ ఎడాన్నే ట్రెయిల్ అంటారు. పిన్ను ముందుకు వెళ్తే చక్రం వెనకాల ఈడ్చుకుంటూ తనంతట తానే దారిలోకి వస్తుంది. ఎడం సున్నా అయితే చక్రానికి ఎటు తిరగాలో చెప్పేవాళ్లే ఉండరు. మాది అలాగే అడ్డం తిరిగి నిలబడింది.

సరే అని 9 సెంటీమీటర్లు ట్రెయిల్ పెట్టించాను. ఇసుక బస్తాలు వేసి టెస్ట్ చేస్తే ఈసారి చక్రం తిరిగింది కానీ బోల్టు వంగింది. ఫోన్‌లో 240 ఎఫ్‌పీఎస్ స్లో మోషన్ పెట్టి తీశాం. వీడియోలో అంతా కనిపించింది. చక్రం తిరిగే ప్రతిసారీ బోల్టు పక్కకు ఒరిగి, నట్టు అంచు ప్లేటును గీరుతోంది. వెల్డింగ్ అన్న దాన్ని రెండుసార్లు చూసి, "బరువు చక్రం మీద పడ్తలేదన్నా, మెడ మీద పడ్తంది" అన్నడు.

ఆ మాట లెక్కలో ఇలా ఉంటుంది. 550 కిలోలు, పిన్నుకు 9 సెంటీమీటర్ల పక్కన. అంటే పిన్నును వంచే బలం దాదాపు 50 కిలో-మీటర్లు. దాన్ని ఆపాలంటే పైన ఒకటి, కింద ఒకటి రెండు బేరింగులు ఉండాలి, రెంటి మధ్యా దూరం ఉండాలి. 15 సెంటీమీటర్ల దూరం ఉంటే ఒక్కో బేరింగు మీద 330 కిలోల పక్క తోపు. అర అంగుళం మందం ప్లేటులో ఒక్క బోల్టు బిగిస్తే ఈ పక్క తోపు కొన్ని వేల కిలోలు దాటుతుంది. యూట్యూబ్‌లో కనిపించే హోమ్‌మేడ్ క్యాస్టర్లలో చాలావరకు చక్రం గురించే మాట్లాడతారు, మెడ గురించి మాట్లాడరు. నా వరకు క్యాస్టర్ అంటే మెడే.

అలాంటి మెడ కొత్తగా చేయించక్కర్లేదు, ట్రాక్టర్ ముందు చక్రం లోపల రెడీగా ఉంటుంది. హబ్బు, స్పిండిల్, ఎడంగా రెండు టేపర్ రోలర్ బేరింగులు. పక్క తోపునూ, పై బరువునూ రెంటినీ మోస్తాయి. మహబూబాబాద్‌లో పాత ట్రాక్టర్ సామాన్ల దుకాణంలో ఒక సెట్ దొరికింది. స్పిండిల్ మీద గీతలు లేవని గోరుతో రుద్ది చూసుకున్నాకే కొన్నాను, బేరింగులు మాత్రం కొత్తవి వేశాను. హబ్బును నిలువుగా నిలబెట్టి, దాని బోల్టు రంధ్రాలతోనే 12 ఎంఎం ప్లేటుకు బిగించాం. స్పిండిల్ కిందికి వచ్చి కాలుకు అతుక్కుంది.

చక్రాల్లో కూడా ఒక మార్పు చేశాం. ఒకటి కాకుండా రెండు ఆటో టైర్లు, 4.00-8 సైజు, కాలుకు చెరో పక్కన, దేని బేరింగులు దానికే. దీంతో బరువు సగమవడమే కాదు, ఉన్నచోటే తిప్పినప్పుడు ఒక చక్రం ముందుకూ ఇంకోటి వెనక్కూ దొర్లుతుంది. ఒకే వెడల్పు టైరైతే నేలను గీరుతూ మొరాయిస్తుంది. విమానం ముక్కు కింద జంట చక్రాలు గుర్తు తెచ్చుకోండి. ఇరుసుకు ఈఎన్ 8 రాడ్డును లేత్ మీద తిప్పించాం. మామూలు సరియా వేస్తానంటే ఒప్పుకోకండి.

క్యాస్టర్‌ను ఛాసిస్ కింద పెడితే ముక్కు మరీ లేచిపోతుంది. అందుకే బంపర్ తీసేసి, బంపర్ బోల్టుల దగ్గరే రెండు సీ ఛానళ్లు ముందుకు చాపి వాటికి బిగించాం. బండి ఒక అడుగు పొడవు పెరిగింది. ఇరుకు షెడ్డులో అది నష్టమే, కానీ చక్రం కళ్ల ముందు ఉంటుంది.

భూపాలపల్లిలో బిగించాక కూడా ఒక సమస్య మిగిలింది. చక్రం ఒక వైపు తేలిగ్గా, ఇంకో వైపు బరువుగా తిరుగుతోంది. ఇక్కడ మళ్లీ ఫోన్ పనికొచ్చింది. ఫైఫాక్స్ యాప్ ఓపెన్ చేసి, ఫోన్‌ను ప్లేటు మీద పెట్టి వాలు చూశాను. 3.4 డిగ్రీలు. ఫోన్‌ను అదే చోట అటుదిటు తిప్పి పెడితే మైనస్ 2.8. అంటే అసలు వాలు 3.1, మిగతా 0.3 ఫోన్ సెన్సార్ తప్పు. ఏ ఫోనైనా ఇలా రెండుసార్లు కొలవకపోతే ఆ అంకెను నమ్మొద్దు. 3 డిగ్రీలే కదా అనిపిస్తుంది. కానీ పిన్ను అంత వాలితే, చక్రం సగం చుట్టు తిరిగేసరికి జీపు ముక్కు దాదాపు 1 సెంటీమీటరు లేవాలి. 550 కిలోలను మనం తోసి లేపుతున్నామన్నమాట. ప్లేటు వెనక అంచున షిమ్ములు వేసి వాలును అర డిగ్రీ లోపుకు తెచ్చాక, మా బామ్మర్ది ఒక్కడే కాలితో చక్రాన్ని తిప్పేశాడు.

ఇప్పుడు భయపడాల్సిన విషయం. ముందు చక్రాలు రెండూ లేని జీపు ఇప్పుడు మూడు కాళ్ల బండి, పక్కకు ఒరగొచ్చు. అందుకే ఛాసిస్‌కు రెండు వైపులా నేలకు 5 సెంటీమీటర్లు పైన ఉండేలా ఇనుప కాళ్లు కట్టాం. ఒరిగినా అక్కడే ఆగుతుంది. వెనక చక్రాలకు అడ్డం పెట్టడానికి ఇద్దరు చెక్కలతో రెడీగా ఉన్నారు. జాకీ మీద ఉన్నప్పుడు ఎవరూ కింద దూరలేదు.

ఇంత చేసినా ఒకటి మర్చిపోయాం. జీపును ముందుకు తోసి, వెనక్కి లాగడం మొదలుపెట్టగానే క్యాస్టర్ సగం చుట్టు తిరగాలి. అది మెల్లగా తిరగదు, ఒక్కసారిగా తిరుగుతుంది, ముక్కు పక్కకు తంతుంది. బామ్మర్ది పాదం చక్రానికి నాలుగు వేళ్ల దూరంలో ఉంది. చెప్పు నలిగింది, వేళ్లు మిగిలాయి. మామ ఏమీ అనలేదు, వెళ్లి బయట అరుగు మీద కూర్చున్నాడు. అరగంట పని ఆపేశాం.

తర్వాత ప్లేటులో, కాలులో కలిసేలా ఒక రంధ్రం వేసి లాక్ పిన్ను పెట్టాం. దిశ మార్చే ముందు అందరూ పక్కకు జరగాలి, ఒక్కడే పొడుగు గడ్డపారతో చక్రాన్ని తిప్పాలి, పిన్ను వేయాలి, అప్పుడే తోయాలి. వెనక కుడి చక్రం కింద చెక్క బిగించి ముక్కును తోస్తే జీపు ఆ చక్రం చుట్టూనే తిరిగింది, దున్నేటప్పుడు ట్రాక్టర్‌ను ఒక బ్రేకు మీద తిప్పినట్టు. నలుగురం, నలభై నిమిషాలు, జీపు గోడ వారకు చేరింది.

ఖర్చు: హబ్బు, బేరింగులు, చక్రాలు, ఇనుము, లేత్, వెల్డింగ్ అన్నీ కలిపి 7,000 రూపాయల లోపే. మొదటి వెర్షన్‌లో వృథా అయిన 1,800 ఇందులో కలపలేదు. దీంతో రోడ్డు మీద లాగుదామని మాత్రం అనుకోకండి. నడక వేగం దాటితే క్యాస్టర్ అటూ ఇటూ కొట్టుకోవడం మొదలవుతుంది, దాన్ని ఆపే డ్యాంపర్ ఇందులో లేదు.

వెల్డింగులను మర్నాడు టార్చ్ వేసి చూశాను. కాలు, ప్లేటు కలిసే చోట ఒక మూల పెయింట్ వెంట్రుకంత చిట్లింది. అది ఒట్టి పెయింటో, కింద వెల్డింగ్ కూడానో గీకి చూసి, ఆ మూలకు ఇంకో ముక్క వేసేదాకా జీపును మళ్లీ చెక్క దిమ్మెల మీదే నిలబెట్టమని మామకు చెప్పి వచ్చాను.