చెరకులో చక్కెర ఎంతో చెప్పే గొట్టం

కృష్ణ ఒడ్డున ఉన్న శ్రీకాకుళం ఆంధ్ర మహావిష్ణువు గుడికి పేరుపడ్డ ఊరు. ఆ చుట్టుపట్ల చెరకు వేసిన రైతులు పంటను ఉయ్యూరు మిల్లుకో లక్ష్మీపురం మిల్లుకో తోలేవారు. కాటా ఎక్కితే చెరకు బరువు తేలుతుంది గానీ, అందులో చక్కెర ఎంతుందో తేలదు. అది తెలియకుండా మిల్లు ఎంత తీసిందో, ఎంత పోగొట్టిందో అడగడానికే వీల్లేదు. ఆ అంకెను చెప్పేది పోలారిమీటరు.

దాని పుట్టుకకు చక్కెరతో సంబంధం లేదు. 1808లో పారిస్‌లో మాలుస్ అనే ఇంజనీరు ఒక భవనం కిటికీల మీద పడి మెరుస్తున్న సాయంత్రపు ఎండను ఐస్‌లాండ్ స్ఫటికంలోంచి చూశాడు. రాయిని తిప్పుతుంటే అందులోంచి కనిపించే రెండు బింబాల్లో ఒకటి మసకబారింది. అద్దం మీంచి వచ్చిన వెలుగు ఒకే తలంలో కంపిస్తోందన్నమాట. చక్కెర ద్రావణం ఆ తలాన్ని మెలితిప్పుతుందని 1815లో బియో కనిపెట్టాడు. చక్కెర ఎంత ఎక్కువైతే మెలిక అంత ఎక్కువ. 1828లో విలియం నికోల్ పట్టకం వచ్చాక పరికరం చేతికి అందింది, బీట్ చక్కెర మిల్లులు దాన్ని పట్టుకున్నాయి. 26 గ్రాముల శుద్ధ చక్కెరను నీళ్లలో కరిగించి 100 మిల్లీలీటర్లు చేసి, 200 మిల్లీమీటర్ల గొట్టంలో పోస్తే అంకె 100 చూపాలి. మిల్లువాళ్ల 'పోల్' ఇదే.

ఒక ఉదాహరణ చూద్దాం. టన్ను చెరకులో 125 కిలోల చక్కెర ఉందనుకోండి. పిప్పిలో 7, మొలాసిస్‌లో 12, మడ్డిలోనూ లెక్కకందని దారుల్లోనూ 2 కిలోలు పోతే బస్తాల్లోకి చేరేది 104. రసాయన శాస్త్రవేత్త దీన్ని 83 శాతం దిగుబడి అంటాడు. మిల్లు 10.4 శాతం రికవరీ అంటుంది. పోయినదాంట్లో పెద్ద వాటా మొలాసిస్‌దే. అక్కడి లవణాలూ ఇతర పదార్థాలూ చక్కెరను స్ఫటికం కానివ్వవు. ఎంత మంచి యంత్రమైనా దాన్ని పూర్తిగా వదిలించలేదు.

రైతు ధర ఈ రెండో అంకెకే ముడిపడింది. 2024–25 సీజనుకు కేంద్రం ధరను 10.25 శాతం రికవరీకి క్వింటాలు 340 రూపాయలుగా నిర్ణయించింది, 0.1 శాతం మారితే 3.32 రూపాయలు మారేది. 9.5 కన్నా తగ్గితే మాత్రం ఇంకా కోత లేదు. అంటే మిల్లు చేతగానితనం కొంతవరకు రైతు మీదా పడుతుంది. నాకిది న్యాయంగా తోచదు. చెరకులోని పోల్‌నూ రైతు కళ్లముందే చూపాలి.

ఈ పరికరానికీ ఒక గుడ్డితనం ఉంది. నరికిన చెరకు మిల్లు గేటు దగ్గర ఎండలో ఆగితే సుక్రోజు, అంటే మనం చక్కెర అనేది, గ్లూకోజుగా, ఫ్రక్టోజుగా విడిపోతుంది. సుక్రోజు, గ్లూకోజు వెలుగును కుడివైపు తిప్పితే ఫ్రక్టోజు ఎడమవైపుకు, అదీ ఇంకా గట్టిగా తిప్పుతుంది. పరికరానికి కనిపించేది మొత్తం మీద మిగిలిన తిరుగుడే. అందుకే అనుమానం వస్తే నమూనాలో ఆమ్లం కలిపి, సుక్రోజును పూర్తిగా విడగొట్టి, మళ్లీ గొట్టంలో పోసి చూస్తారు. రెండు అంకెల తేడాలోంచి అసలు సుక్రోజు ఎంతో బయటపడుతుంది.