ఆంగ్లమున ననిశ్చయ సర్వనామములు - వానిపైఁ జేరు విశేషణవాక్యములు

ఆంగ్లభాష నభ్యసించు తెలుఁగు బాలురకుఁ జిక్కు గలిగించు విషయములలో ననిశ్చయ సర్వనామములను వెన్నంటివచ్చు విశేషణవాక్యము లొకటి. "సమ్‌వన్", "ఎనీవన్", "ఎవ్రీవన్", "నోవన్" అనునవి మనుష్యులను, "సమ్‌థింగ్", "ఎనీథింగ్", "ఎవ్రీథింగ్", "నథింగ్" అనునవి వస్తువులను ఇదమిత్థమని నిర్ణయింపక చెప్పు పదములు. వీనికి విశేషము చెప్పవలసినపు డాంగ్లేయులు "హూ", "దట్" అను పదములతో నొక చిన్న వాక్యమును వెనుకఁ జేర్తురు. తెలుఁగున నీ పదములకు సరియైనవి లేవు. రెండు భాషల నడక యెచ్చట భేదించునో చూపక సూత్రములను మాత్రమే చెప్పినచో నవి విద్యార్థి నాలుకపై నిలుచునే కాని బుద్ధి కెక్కవు. 2022-23 విద్యాసంవత్సరము నుండి తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలలో నాంగ్లమాధ్యమము ప్రవేశపెట్టఁబడినందున చేవెళ్ల, మొయినాబాదు ప్రాంతముల పల్లెబడులలోఁ దెలుఁగు చెప్పు పండితునకు సైత మీ విచార మావశ్యకమైనది. కావున నుదాహరణములను గూడ నా సీమనుండియే గ్రహించుచున్నాను.

హైదరాబాదునుండి మొయినాబాదు, చేవెళ్లల మీఁదుగాఁ బోవు బాట మఱ్ఱిచెట్లకుఁ బ్రసిద్ధి కెక్కినది. "ఈ బాటను బోవువా రెవరైనను మఱ్ఱులను జూతురు" అనునది మన వాక్యము. ఇందు "పోవు" అను ధాతుజ విశేషణము ముందును, "వారు" అను విశేష్యము దాని వెనుకను, "ఎవరైనను" అను ననిశ్చయపదము తుదిని నున్నవి. దీనినే యాంగ్లమున "ఎనీవన్ హూ టేక్స్ దిస్ రోడ్ సీస్ ది బాన్యన్స్" అందురు. ఇచ్చట "ఎవఁడైనను" అనుమాట ముందువచ్చి, వాఁడెట్టివాఁడో తరువాతఁ దెలియుచున్నది. మనము గుణమును జెప్పి గుణిని జేరుదుము. వారు గుణిని జూపి గుణమును దగిలింతురు. ద్రావిడభాషలకు సంబంధ సర్వనామము లేదనియు, దాని పనిని ధాతుజ విశేషణమే నెఱవేర్చుననియు 1856లోఁ బ్రకటితమైన తన తులనాత్మక వ్యాకరణమునఁ గాల్డ్వెల్ పండితుఁడు గుర్తించియే యున్నాఁడు.

"ఎవఁడు ముందు వచ్చునో వాఁడే గెలుచును" అను రీతి మనకుఁ గలదు గదా యని శంక పుట్టవచ్చును. కలదు. కాని యందలి "ఎవఁడు" ప్రశ్నార్థకమే. ఓకారముతోఁ గూడి, వెనుకటి "వాఁడు" అను పదము నపేక్షించి యర్థము నిచ్చుచున్నది. ఈ జంటరీతి నాంగ్లమునకుఁ దెచ్చుటచేతనే "ఎనీవన్ హూ కమ్స్ ఫస్ట్, హీ విల్ విన్" అను తప్పు పుట్టును. ఆంగ్లమునఁ గర్త యొకమాఱు చెప్పఁబడినది, "హీ" యధికము. ఈ సీమ వాడుకయం దున్న ఉర్దూలోని "జో కోయీ" అను ప్రయోగ మాంగ్లపు "హూఎవర్" అనుదానికి మిక్కిలి చేరువది. ఉర్దూ నెఱిఁగిన బాలురు తరగతిలో నున్నచో నుపాధ్యాయుఁ డా తెలివిని వినియోగించుకొనవచ్చును. అయినను ఉర్దూలోను "జో" వెనుక "వో" వచ్చుచుండుట మఱవరాదు.

ఇఁక ముఖ్యనియమములు నాలుగు.

మొదటిది: మనుష్యవాచకములకు "హూ", వస్తువాచకములకు "దట్" చేర్చుట. "ఎవ్రీథింగ్", "నథింగ్", "ఆల్", "లిటిల్" మున్నగువానిపై "విచ్" కంటె "దట్" ప్రశస్తము. నిర్ధారకవాక్యమునకు "దట్", అనుబంధవాక్యమునకు "విచ్" నియమించుట మేలని ఫౌలర్ 1926 నాఁటి గ్రంథమున సూచించి, రచయితలలోఁ బెక్కు రిట్లు పాటించుటలేదని తానే యొప్పుకొనెను.

రెండవది: సంబంధపదమును విడుచుట. చిలుకూరి బాలాజీ యాలయమున మ్రొక్కుకొనువారు పదునొకండును, కోరిక తీఱినవారు నూటయెనిమిదియుఁ బ్రదక్షిణములు చేయుట యాచారము. "ఎవ్రీవన్ హూ మేక్స్ ఎ విష్" అనుచోట "హూ" కర్త, దానిని విడువరాదు. "ఎవ్రీథింగ్ వీ సా ఎట్ చిల్కూర్" అనుచోట "దట్" కర్మ మగుటచే విడువఁబడినది. తెలుఁగున "చూచినవారు" అన్నంతనే చూచిన కర్తలో, చూడఁబడిన కర్మయో తేలదు. "మమ్ముఁ జూచినవారు", "మేము చూచినవారు" అని యితరపదములవలననే తేలును. కావున విద్యార్థిని ముందుగాఁ గారకము నడుగవలెను. కర్త యన్నచో "హూ" నిలుచును. కర్మ యన్నచో విడుచుట కవకాశము గలదు. ఈ ప్రశ్న యడుగనందుననే "ఎనీవన్ కమ్స్ ఫస్ట్ విల్ విన్" అను వాక్యములు పుట్టుచున్నవి.

మూడవది: వచనము. మనము "వచ్చినవారందఱు" అని బహువచనమున నందుము. ఆంగ్లమున "ఎవ్రీవన్" ఏకవచనము. విశేషణవాక్యములోని క్రియయుఁ బ్రధానక్రియయు రెండును నేకవచనముననే యుండవలెను.

నాలుగవది: నిషేధము. తెలుఁగున "నోవన్" అను నొక్క పదము లేదు, నిషేధము క్రియలోనుండును. "నోవన్ హూ హాజ్ సీన్ ఇట్ ఫర్గెట్స్ ఇట్" అనఁగా "దానిని జూచినవా రెవరును మఱవరు" అని యర్థము. నిషేధము ప్రధానక్రియకుఁ జెందునుగాని విశేషణవాక్యమునకుఁ జెందదు. "చూడనివారు మఱతురు" అని తెలిఁగించినచో నర్థము తలక్రిందగును.

వీని యన్నిఁటికంటెఁ బ్రయోజనము గలది విరామచిహ్న విషయము. "హీ సెడ్ నథింగ్ దట్ సర్‌ప్రైజ్డ్ అస్" అనఁగా నాతఁడు చెప్పినవానిలో మన కాశ్చర్యకరమైన దేదియు లేదని. "నథింగ్" తరువాతఁ గామా యుంచి "విచ్" చేర్చినచో నాతఁడు మౌనము వహించెననియు, నా మౌనమే మన కాశ్చర్యమైనదనియు నర్థము. అపుడు "విచ్" అనునది "నథింగ్" అను పదమును గాక ముందటి వాక్యము నంతటిని బరామర్శించుచున్నది.

ఇది బడిలోని చిక్కు మాత్రమే కాదు. 1908 నాఁటి మూసీ వఱద తరువాత నిర్మింపఁబడి, 1920లో ఉస్మాన్‌సాగరమును, 1927లో హిమాయత్‌సాగరమును సిద్ధమయ్యెను. వాని చుట్టును బది కిలోమీటర్లలోపలఁ గాలుష్యకారక పరిశ్రమలు మున్నగువానిని నిషేధించుచు 1996లో వెలువడిన 111వ ప్రభుత్వోత్తరువు మొయినాబాదు మొదలగు మండలముల భూములను దాఁకినది. 2022లో 69వ యుత్తరువుచే నా నిర్బంధములు సడలింపఁబడెను. ఇట్టి శాసనములలో "నీటిని జెఱచు పరిశ్రమలు కూడవు" అను భావమును "ఇండస్ట్రీస్ దట్ పొల్యూట్" అని వ్రాసినచోఁ జెఱచునవి మాత్రమే నిషిద్ధములు. కామా యుంచి "విచ్ పొల్యూట్" అన్నచోఁ బరిశ్రమ లన్నియుఁ జెఱచునవే యనియు, నన్నియు నిషిద్ధములే యనియుఁ దేలును. ఇవి నేను కల్పించిన వాక్యములే గాని యుత్తరువులోని పాఠము గాదు. అయినను దన పొలమును గూర్చిన కాగితమును జదువుకొను రైతుబిడ్డ కీ భేద మెంతటిదో విశదము. "ఎనీథింగ్", "నథింగ్" అను పదముల వెనుక నిర్ధారకవాక్యమునకు ముందుఁ గామా పనికిరాకుండుటకును గారణ మిదియే: అవి తమంతఁ దా మే వస్తువును నిలుపవు, వెనుకటి వాక్యమే వానికి హద్దు గీయును. హద్దును బొలమునుండి విడఁదీయఁ జెల్లదు గదా.

కావున బోధనక్రమ మిట్లుండుట మేలు. ముందు తెలుఁగు వాక్యము వ్రాయించి, ధాతుజ విశేషణమును గుర్తింపఁజేయవలెను. పిదపఁ గర్తృకర్మల నడిగి, యనిశ్చయపదమును ముందునకుఁ దెచ్చి, విశేషణమును వాక్యముగా విప్పి వెనుక నుంచవలెను. స్వభాషావ్యాకరణము చక్కఁగఁ దెలిసినవానికి నాంగ్లవ్యాకరణము పరాయిది గాదు. ఈ విషయమునఁ దెలుఁగు పండితుఁడు చేయఁగల సాయ మాంగ్లోపాధ్యాయునకు లభింపనిది. విజ్ఞులు దీనిని బరిశీలించి, తమ యనుభవమునఁ దోఁచిన విశేషములను జేర్తురుగాక.