తెరమీద బొమ్మ ఎందుకు సాగుతుంది?

మీ ఇంట్లో ఇరవై ఏళ్ళనాటి పెళ్ళి డిస్కు ఉందనుకొందాం. దాన్ని కంప్యూటర్‌లో పెట్టి చూశారు. పెళ్ళికూతురు ముఖం వెడల్పుగా, పక్కన నిలబడిన తాతగారు పొట్టిగా కనిపించారు. బొమ్మ మసకగా కూడా ఉంది. డిస్కు పాడైందేమోనని మీకు బెంగ కలుగుతుంది. చాలాసార్లు పాడైనది డిస్కు కాదు, తప్పినది కొలత మాత్రమే. ఆ తేడా ఎలా గుర్తించాలో ఈ పాఠంలో తెలుసుకొందాం.

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• రిజల్యూషన్ అంటే ఏమిటో చెప్పగలుగుతారు.
• బొమ్మ వెడల్పు, ఎత్తుల నిష్పత్తిని లెక్కకట్టగలుగుతారు.
• సాగిన బొమ్మను గుర్తించి సరిచేయగలుగుతారు.

1. రిజల్యూషన్

వాకిట్లో వేసే ముగ్గును గుర్తుకు తెచ్చుకోండి. అదే స్థలంలో చుక్కలు ఎక్కువ పెడితే ముగ్గులో సన్నని పనితనం చూపవచ్చు. తెరమీది బొమ్మ కూడా చుక్కల వరుసలతోనే ఏర్పడుతుంది. ఒక్కొక్క చుక్కను పిక్సెల్ అంటారు. అడ్డంగా ఎన్ని, నిలువుగా ఎన్ని పిక్సెళ్ళు ఉన్నాయో చెప్పేదే రిజల్యూషన్.

వి.సి.డి.: 352 × 288 = 1,01,376 పిక్సెళ్ళు
డి.వి.డి.: 720 × 576 = 4,14,720 పిక్సెళ్ళు
బ్లూ-రే: 1920 × 1080 = 20,73,600 పిక్సెళ్ళు

మొదటి రెండు కొలతలు మన దేశంలో టెలివిజన్‌కు అనుసరించిన పాల్ పద్ధతికి చెందినవి. 1920 × 1080 తెరను వి.సి.డి. బొమ్మతో నింపాలంటే ఉన్న ఒక్కో చుక్కకు బదులు దాదాపు ఇరవై చుక్కలు కావాలి. కొత్తవాటిని ప్లేయర్ పక్క చుక్కలను బట్టి ఊహించి నింపుతుంది. అందుకే బొమ్మ మసకబారుతుంది. ఇది డిస్కు దోషం కాదు.

2. వెడల్పు, ఎత్తుల నిష్పత్తి

పాత టెలివిజన్ తెర 4:3 ఆకారంలో ఉండేది. అంటే వెడల్పు 4 పాళ్ళు, ఎత్తు 3 పాళ్ళు. తరువాత వచ్చిన వెడల్పు తెరలు 16:9 ఆకారంలో ఉన్నాయి. సినిమాస్కోప్ ఇంకా వెడల్పైనది, సుమారు 2.35:1. తెలుగులో మొదటి సినిమాస్కోప్ చిత్రం 1974లో వచ్చిన 'అల్లూరి సీతారామరాజు'.

4:3 బొమ్మను 1920 × 1080 తెరపై సరిగా చూపితే దాని వెడల్పు 1080 × 4 ÷ 3 = 1440 పిక్సెళ్ళు. మిగిలిన 480 పిక్సెళ్ళు రెండు పక్కలా 240 చొప్పున నల్లపట్టీలుగా మిగులుతాయి. పట్టీలు ఇష్టంలేక బొమ్మను తెరనిండా లాగితే 3 సెంటీమీటర్ల గుండ్రని గాజు 4 సెంటీమీటర్ల వెడల్పుకు సాగి కోడిగుడ్డు ఆకారంలోకి మారుతుంది. ముఖాలూ అంతే.

3. ఒకే చుక్కలు, రెండు ఆకారాలు

డి.వి.డి.లో 4:3 బొమ్మకైనా 16:9 బొమ్మకైనా 720 × 576 చుక్కలే ఉంటాయి. చూపవలసిన ఆకారం ఏదో తెలిపే గుర్తు డిస్కులో ఉంటుంది. దాన్ని చూసి ప్లేయర్ మొదటి రకాన్ని 768 × 576గా, రెండో రకాన్ని 1024 × 576గా చూపుతుంది. ఆ గుర్తు తప్పుగా ఉన్నా, ప్లేయర్‌లో వేరే నిష్పత్తి ఎంచి ఉన్నా బొమ్మ సాగుతుంది లేదా నొక్కుకుపోతుంది.

చేసి చూడండి: డిస్కు నడుస్తుండగా పెళ్ళికూతురి నుదుటి గుండ్రని బొట్టును గాని, ఎదురుగా కనిపించే పళ్ళేన్ని గాని గమనించండి. అది గుండ్రంగా లేకపోతే నిష్పత్తి మార్చండి. వి.ఎల్.సి. ప్లేయర్‌లో 'ఏ' అక్షరపు మీటను నొక్కిన ప్రతిసారీ నిష్పత్తి మారుతుంది. బొట్టు గుండ్రమైనచోట ఆగండి.

4. నకలు తీసేముందు

డిస్కులు కాలక్రమంలో పాడవుతాయి. కనుక నకలు తీసి దాచుకోవడం మంచిదే. అయితే నల్లపట్టీలు పోవాలని 4:3 బొమ్మను పైనా కిందా కత్తిరించి 16:9గా చేయించకండి. అలా చేస్తే ఎత్తులో నాలుగో వంతు పోతుంది. వెనుక వరుసలో నిలబడిన బామ్మగారి ముఖం అందులోనే ఉండవచ్చు. సాగిన బొమ్మను మళ్ళీ సరిచేయవచ్చు గాని, కత్తిరించిన భాగం ఆ నకలులో తిరిగి రాదు. రిజల్యూషన్ పెంచి ఇస్తామని ఎవరైనా డబ్బు అడిగితే, కొత్త చుక్కలు ఊహించి నింపినవేనని, పెళ్ళినాడు కెమెరా చూసినవి కావని గుర్తుంచుకోండి. ఏం చేయించినా అసలు డిస్కును పారవేయకండి.

పాఠ్యాంతర్గత ప్రశ్నలు

1. ఎత్తు 768 పిక్సెళ్ళు ఉన్న తెరపై 4:3 బొమ్మ వెడల్పు ఎంత?
2. పక్కన నల్లపట్టీలు కనిపిస్తే డిస్కు పాడైనట్లేనా?

జవాబులు: 1. 1024 పిక్సెళ్ళు. 2. కాదు. బొమ్మ తన ఆకారం చెడకుండా కనిపిస్తున్నదని అర్థం.