వాన వెలిసిందో లేదో, గోల్ఫ్ ఎలా ఆడేస్తారు?

జులైలో గట్టి వాన పడితే ఢిల్లీ రోడ్లు చెరువులైపోతాయి. మరి గోల్ఫ్ మైదానంలో బంతి ఎలా దొర్లుతుంది?

ఢిల్లీకి దగ్గర్లో గ్రేటర్ నోయిడాలో ఉన్న జేపీ గ్రీన్స్ గోల్ఫ్ మైదానానికి రూపం గీసింది ఆస్ట్రేలియా ఆటగాడు గ్రెగ్ నార్మన్. ఇలా గీసేవాళ్లకు అందం కన్నా ముందు పట్టుకునే దిగులు నీళ్లే! యమున పక్క నేలేమో బల్లపరుపు. అలాంటిచోట చెరువు తవ్వి, ఆ మట్టినే దిబ్బలుగా పోస్తే వాలు వస్తుంది.

అసలు తెలివంతా ‘గ్రీన్’ కింద దాగుంది. గ్రీన్ అంటే బంతి పడాల్సిన గుంట చుట్టూ ఉండే నున్నటి పచ్చిక. ఆ గుంట వెడల్పు 10.8 సెంటీమీటర్లే! పూలకుండీ అడుగున అమ్మ గులకరాళ్లు వేయడం చూశారా? ఇక్కడా అంతే. అట్టడుగున బెజ్జాల పైపులు, వాటి మీద సుమారు 10 సెంటీమీటర్ల కంకర, ఆపైన 30 సెంటీమీటర్ల ఇసుక.

తమాషా ఏమిటంటే, ఇసుక తను బాగా నానేదాకా నీటిని కంకరలోకి వదలదు. రేణువుల మధ్య సన్నని సందులు నీటిని పట్టి ఉంచుతాయి. అందుకే మే నెల ఎండలోనూ పెట్టిన నీళ్లు వేళ్లకు అందుతాయి. వాన ఎక్కువైతే మిగులు నీరు పైపుల్లోంచి చెరువుకు చేరుతుంది. దాన్నే మళ్లీ పచ్చికకు తోడుకోవచ్చు.